గిన్నె మీద పేరు

నేను ఒక స్టీలు మూతగిన్నెను. కూర పెడితే నలుగురికి సరిపోతుంది, మజ్జిగ పోసినా ఒలకదు, అంత బిగుతైన మూత నాది. నా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా ఒక మనిషి పేరు చెక్కి ఉంటుంది. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆయన పోయాడు కాబట్టే నేను ఆ ఇంటికి వచ్చాను. మా స్టీలు సామాన్లలో సగంమంది బతుకు ఇలాగే మొదలవుతుంది. ఒకరు పుట్టినందుకో, పెళ్ళాడినందుకో, పోయినందుకో మమ్మల్ని కొంటారు. కావాలని మా కోసమే కొన్నవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు నేనున్నది జర్మనీలో, ఒక ముసలావిడ వంటింటి కిటికీ గట్టు మీద. బయట వాన. ఇక్కడ వాన మన వానలా దబదబా కురిసి వెళ్ళిపోదు, ఇంటికొచ్చి కూర్చుని కదలని చుట్టంలా రోజంతా ఉంటుంది. నాకు ఓపిక తగ్గింది. అడుగు సొట్టపోయింది, మూత అంచు అరిగింది. అయినా అడిగారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. అడగకపోయినా చెప్పేదాన్నే అనుకోండి, గిన్నెకు ఇంతకన్నా పనేముంది?

మద్రాసు అవతల ఒక రేకుల షెడ్డులో నేను పుట్టాను. గుండ్రటి రేకును అచ్చు మీద పెట్టి మిషను ఒక్క పోటు పొడిస్తే గిన్నె అయిపోతుంది. మనుషులు తొమ్మిది నెలలు మోసి, ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు పెంచినా ఏ ఆకారానికీ రారు. మాకు ఆ బాధ లేదు. మెరుగు పెట్టి, గడ్డిలో చుట్టి, లారీలో వేసి మమ్మల్ని నర్సాపురం పంపారు. అక్కడ సామాన్ల దుకాణం ఆయన నా నుదుటి మీద ఒక స్టిక్కరు అంటించాడు. ఆ స్టిక్కరు సంగతి ప్రతి తెలుగు ఇల్లాలికీ తెలుసు. గోరుతో గీరితే రాదు, పీచు పెట్టి తోమితే సగమే వస్తుంది. కాస్త నూనె రాసి నానబెట్టి, అంచుతో గీరాలి. కొత్త గిన్నె ఇంటికొస్తే ఆడవాళ్ళు మొదట చేసే పని అదే, స్టిక్కరు కనబడితే చేతులు ఊరుకోవు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఆ దుకాణంలోంచి నన్నూ, నాలాంటి వందమందినీ ఒకేసారి కొన్నారు. గుమ్మం దగ్గర పేర్లు కొట్టే మనిషి మిషను పట్టుకుని కూర్చున్నాడు. జుయ్యిమంటూ సూది నా పొట్ట మీద నడిచింది. 'కీ.శే. కడలి పెద్దిరాజు గారి జ్ఞాపకార్థం.' వంద గిన్నెల మీద కొట్టాలి కదా, పాపం అతనికీ విసుగే. అక్షరాలు వంకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు పడ్డాయి.

పెద్దిరాజు నర్సాపురం రేవులో పంటు నడిపేవాడట. ఈ గట్టు మీద మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనూ ఎక్కించుకుని ఆ గట్టు మీద దింపేవాడు. కామెర్లు ముదిరి పోయాడు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక, వచ్చినవాళ్ళందరికీ లడ్డూ, బూందీ పెట్టి మమ్మల్ని పంచారు. అది మా వైపు పద్ధతి. పోయిన మనిషి పేరు ఊరి వంటిళ్ళలోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎవరూ ఆ పేరు చదవరు, పప్పు పోసుకుంటారు, అంతే. కానీ ఉంటుంది.

ఆయన భార్య పేరు సుభద్ర. లేసు అల్లేది. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని సన్నటి సూదితో, తెల్ల దారంతో పువ్వులు అల్లుతారు కదా, అందులో సుభద్ర చెయ్యి మంచిదని పేరు. ఆవిడ జీవితంలో ఒక్కసారైనా మొగుణ్ణి పేరుపెట్టి పిలవలేదు. పిలవడం అటుంచి, ఎవరికైనా చెప్పాల్సి వచ్చినా చెప్పేది కాదు. ఆసుపత్రిలో మీ ఆయన పేరేంటని అడిగితే పక్కనున్న తోడికోడలి మొహం చూసేది. ఆయన పోయాక కూడా అంతే. వంద గిన్నెల మీద కొట్టించిన పేరు ఆవిడ నోట్లోంచి మాత్రం రాలేదు.

దుఃఖంలో ఉన్నవాళ్ళు లెక్క చూసుకోరు. గిన్నెలన్నీ పంచేశారు, ఆ ఇంటికి ఒక్కటీ మిగల్లేదు. నేను మొగల్తూరులో ఒక చుట్టాల ఇంటికి వెళ్ళి పెరుగుగిన్నెగా స్థిరపడ్డాను. అక్కడినుంచి ఉలవచారుతో పక్కింటికి, పక్కింటినుంచి ఆవకాయతో పాలకొల్లు, అక్కడినుంచి బొబ్బట్లతో ఇంకో ఊరు. గిన్నె బతుకంటే అలా తిరగడమే. కొన్నేళ్ళకు పనసపొట్టు కూరతో ఎవరో నన్ను తెచ్చి సుభద్ర గడపలో పెట్టారు. ఆవిడ కూర తీసి, నన్ను తోమి, బోర్లించబోతూ పేరు చూసింది. అక్కడే పంపు దగ్గర కూలబడి చాలాసేపు ఏడ్చింది. పనసపొట్టు పంపినవాళ్ళకి ఇంకో గిన్నె, అదీ నాకంటే పెద్దది, నిండా పంచదార పోసి పంపింది. నన్ను మాత్రం ఇవ్వలేదు.

పంచదార ఎందుకంటారా? మా వైపు ఎవరింటి గిన్నె వాళ్ళకు ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారో, రెండు అరటిపళ్ళో వేసి ఇస్తారు. ఖాళీ గిన్నె ఇచ్చారంటే, మీకూ మాకూ ఇంతే అన్నట్టు. ఇది ఎవరూ నేర్పరు, అందరికీ తెలుసు. తెలియని దేశం ఒకటి ఉంటుందని నాకైతే తోచలేదు.

జర్మనీలో లేసుకు పేరున్న చిన్న ఊరొకటి ఉంది. అక్కడి మ్యూజియంవాళ్ళు, మన అల్లిక నేర్పడానికి ఒకర్ని మూడు నెలలు పంపమని అడిగితే, నర్సాపురం లేసు సంఘంవాళ్ళు సుభద్ర పేరు రాశారు. ఆవిడ అంతకుముందు విజయవాడ దాటి ఎరుగదు. పెట్టెలో మినప్పప్పు, చింతపండు, కొబ్బరినూనె సీసా, దారపు ఉండలు సర్దుకుంది. చివర్లో చీరల మధ్య నన్ను పెట్టింది. ఎందుకని కూతురు అడిగితే, "ఉండనీయే, అన్నం అట్టుకెల్లడానికి పనికొత్తది" అంది. అన్నం పట్టుకెళ్ళడానికి ఆ ఇంట్లో ఇంకా చాలా గిన్నెలున్నాయి.

ఆ ఊళ్ళో హెల్గా అనే పెద్దావిడ ఇంట్లో మేడమీది గది ఇచ్చారు. హెల్గా మొగుడు ఓట్టో పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. పొడుగ్గా, ఎండుకొబ్బరిలా ఉండేది, తుంటి నొప్పితో కాస్త వంగి నడిచేది. ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు జర్మను రాదు. ఇద్దరి మధ్యా ఒక సెల్‌ఫోను. ఇటు చెప్పింది అటు, అటు చెప్పింది ఇటు అది తిరగేసి పలికేది. దాని తెలుగు పాఠ్యపుస్తకంలా ఉండేది, కానీ పని జరిగేది. పూర్వం ఆ పని గిన్నెలు చేసేవి. నాకు దానిమీద కొంచెం కడుపుమంట ఉందని ఒప్పుకుంటాను.

మొదటి వారంలోనే సుభద్రకు వింతలు ఎదురయ్యాయి. హెల్గా కేకు తెచ్చి తింటారా అని అడిగింది. మర్యాదగా "వద్దండీ" అంది సుభద్ర, రెండోసారి బలవంతం పెడతారు కదా అని. హెల్గా సరేనని పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. సుభద్ర వెళ్ళిపోతున్న ఆ పళ్ళేన్నే చూస్తూ ఉండిపోయింది. ఇంకోరోజు, ఒక్క బండి కూడా లేని రోడ్డు దగ్గర ఎర్రదీపం చూసి పదిమంది బొమ్మల్లా నిలబడిపోతే, ఏదో ఊరేగింపు వస్తోందేమోనని ఈవిడా నిలబడింది. ఆదివారం పూట గారెలకని పప్పు రుబ్బుతుంటే పక్కింటాయన వచ్చి, ఇవాళ చప్పుడు చేయకూడదని మెల్లగా చెప్పి వెళ్ళాడు. "ఆదోరం వంట చెయ్యకపోతే ఇంకెప్పుడు చేత్తారో" అని సుభద్ర నాతోనే అంది. నాతో కాకపోతే ఇంకెవరితో అంటుంది?

పనినుంచి వచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రబడేవి. ఆ మ్యూజియంలో నేర్చుకునేవాళ్ళు మంచివాళ్ళే, కానీ ఎవరూ మాట కలపరు, తలవంచుకుని కుట్లు లెక్కపెడతారు. తిన్నావా అని అడిగేవాళ్ళు లేరు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆవిడ మొహం వాచిపోయింది. ఎవరూ అడగడం లేదు కాబట్టి తానే ఒకరిని అడగాలనుకుంది. పులిహోర కలిపి, నా నిండా పెట్టి, కిందికి దిగి హెల్గాకు ఇచ్చింది.

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి నేను గడప బయట ఉన్నాను. తళతళా తోమి, గుడ్డతో తుడిచి, మూత పక్కన పెట్టి. ఖాళీగా.

సుభద్ర మొహం మాడిపోయింది. "అదేంటే బాబూ, ఉత్తి గిన్నె పెట్టేసింది" అని మూత తీసి లోపల మళ్ళీ చూసింది, అడుగున ఏదైనా ఉందేమోనని. నచ్చలేదేమోనని ఒకరోజు బాధపడి, మర్నాడు బెల్లం పరవాన్నం పంపింది. మళ్ళీ ఖాళీ, ఇంకా తళతళ. తర్వాత కొబ్బరన్నం. అదీ అంతే. ఈవిడ పట్టుదలగా పంపడం, ఆవిడ పట్టుదలగా తోమడం. కింద వంటింట్లో ఆవిడ పడుతున్న అవస్థ నాకు కదా తెలుసు. హెల్గాకు పులిహోర ప్రాణం, వేలితో నాకింది. కానీ ఒకరి గిన్నె మన దగ్గర ఎక్కువసేపు ఉంచుకోకూడదు, అద్దంలా మెరిపించి ఇవ్వాలి, అదే వాళ్ళ మర్యాద. ఇంత తిండి తెస్తోంది, నేను అంత నీరసంగా కనబడుతున్నానా అని మొగుడి ఫోటోను అడిగేది కూడా. చెబుదామంటే నాకు మాట లేదు.

అవును, ఆవిడ మొగుడి ఫోటోతో మాట్లాడేది. పొద్దున కాఫీ దగ్గర "ఓట్టో, వాన వస్తోంది" అనేది. మందులు వేసుకుంటూ "ఓట్టో, ఇది తెల్లదా నీలందా?" అనేది. రోజుకు ఎన్నిసార్లో. ఆ పేరు ఆ ఇంట్లో గోడ గడియారంలా కొట్టుకుంటూ ఉండేది. ఒకరోజు నేను ఆరడానికి గుడ్డ మీద బోర్లించి ఉండగా ఆవిడ ఫోటో ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడింది. అప్పుడు తెలిసింది నాకు అసలు సంగతి.

ఈ దేశంలో సమాధి శాశ్వతం కాదు. పాతికేళ్ళో ముప్పయ్యేళ్ళో గడువిస్తారు. గడువు తీరాక కొన్నిటికి పొడిగింపు ఉంటుంది, వరుసలో ఉన్న చిన్న సమాధులకు ఉండదు. రాయి తీసేసి గడ్డి పరిచేస్తారు. ఓట్టోది వరుస సమాధి. గడువు అయిపోయిందని శ్మశానం ఆఫీసువాళ్ళు రాయి మీద పసుపుపచ్చ స్టిక్కరు అంటించారు. హెల్గా కర్ర పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి, నేను పోయేదాకా ఉంచండి, నా తర్వాత మీ ఇష్టం అని బతిమాలింది. చూస్తామన్నారు. "ఓట్టో, రాయి తీసేస్తే నీ పేరు ఇంకెక్కడా ఉండదు" అని ఆవిడ ఫోటోతో అంది. ఏడవలేదు. ఈ దేశంలో మనుషులు ఏడవడానికి కూడా తలుపు వేసుకోవాలేమో, నాకు తెలియదు.

సుభద్రకు ఇదేమీ తెలియదు. ఓట్టో పోయిన తేదీ ఆ వారం శుక్రవారం వస్తోందని మాత్రం మాటల్లో తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నం హెల్గా పూలు పట్టుకుని వెళ్తుందని కూడా తెలిసింది. మా వైపు ఆ రోజున పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెడతారు, కాకి వచ్చి ముడితే వాళ్ళు తిన్నట్టు. ఆ పెద్దావిడ వండదు, పాపం ఆయన ఇన్నేళ్ళుగా పస్తులున్నాడనుకుంది సుభద్ర. పొద్దున్నే లేచి గారెలు వండి, నాలో పెట్టి, పనికి వెళ్ళేముందు శ్మశానానికి తీసుకెళ్ళింది.

అది శ్మశానంలా లేదు. తోటలా ఉంది. వరసగా పూలమొక్కలు, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాలు, కూర్చోడానికి బల్లలు. "ఇంత బాగా చూసుకుంటారా!" అని సుభద్ర ముక్కున వేలేసుకుంది. ఓట్టో రాయి వెతికి పట్టుకుంది. హెల్గా ఇంటి తలుపు మీదున్న పేరే రాయి మీదా ఉంది, అక్షరాల ఆకారం పోల్చుకుంది. ఆ పేరు పక్కనే పసుపుపచ్చ స్టిక్కరు.

ఆవిడ చేతులు ఊరుకుంటాయా? దుకాణంవాడి స్టిక్కరు ఉండగా గిన్నె వాడని మనిషి. ఆయన తద్దినం నాడు రాయి మీద ఎవరో దిక్కుమాలినవాళ్ళు కాగితం అంటించి పోయారనుకుంది. గారె నూనె వేలితో తీసి స్టిక్కరు మీద రాసింది. కాసేపు నాననిచ్చింది. నా మూత అంచుతో ఒద్దికగా, రాయి గీరుకుపోకుండా గీరింది. వద్దు వద్దని నాలోపలంతా మోగింది, కానీ లోపల గారెలుంటే గిన్నె ఏం మోగుతుంది? జిగురు మరక కూడా లేకుండా కొంగుతో తుడిచింది. కాగితాన్ని చెత్తడబ్బాలో వేసి, గారె ఒకటి ఆకు మీద పెట్టి, దణ్ణం పెట్టుకుని, మంచి పని చేశానన్న తృప్తితో బయల్దేరింది. కాకి వచ్చి గారె తన్నుకుపోయింది. కాకులు ఏ దేశంలోనైనా ఒకటే.

మిగిలిన గారెలతో నన్ను హెల్గా గుమ్మంలో పెట్టి పనికి వెళ్ళింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. హెల్గా కర్ర కూడా లేకుండా మేడమెట్లు ఎక్కి వచ్చింది. చేతుల్లో నేనున్నాను. నా నిండా వేడివేడి ఆపిల్ కేకు ముక్కలు, పైన పంచదార పొడి. సుభద్ర మూత తీసి చూసింది. ఆవిడ మొహంలో వెలుగు చెప్పలేను. "ఒచ్చింది! నిండుగా ఒచ్చింది!" అని నన్ను గుండెకు హత్తుకుంది. ఇన్నాళ్ళకు ఒక ఇల్లు తనను కలుపుకుందని ఆవిడ సంబరం. ఇద్దరూ కూర్చున్నారు. ఈసారి సుభద్ర వద్దనలేదు.

హెల్గా ఫోను తీసి గబగబా ఏదో చెప్పింది. ఫోను తన పుస్తకాల తెలుగులో పలికింది. "ఈ రోజు నాకు చాలా సంతోషంగా ఉంది. నా భర్త సమాధిని తొలగిస్తామని కార్యాలయం వారు ఒక కాగితం అతికించారు. ఈ రోజు ఆ కాగితం లేదు. వారు నా విన్నపాన్ని అంగీకరించారు. ఓట్టో పేరు అక్కడే ఉంటుంది."

సుభద్ర చేతిలో కేకు ముక్క అలాగే ఆగిపోయింది.

ఆ క్షణంలో ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ ముసలావిడ కొన్ని రోజులైనా నవ్వుతూ ఉంటుంది. నేనైతే ఊరుకుందును, నాకు ఎలాగూ మాట లేదు కాబట్టి నా గొప్పేమీ లేదు. సుభద్ర ముక్క కింద పెట్టి, ఫోను దగ్గరికి లాక్కుని, దాని చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"ఆ కాయితం నేనే పీకేసేనండి. పొద్దున్న గారెలట్టుకుని ఎల్లేను. ఎవరో అంటించి పోయేరనుకున్నాను. నాకు తెలీదండి. తెలీక చేసేసేను."

ఫోను దాన్ని శుభ్రంగా తిరగేసింది. దానికి ఏడుపు తిరగేయడం రాదు.

హెల్గా నా మూత తీసి మళ్ళీ నామీద పెట్టేసింది. తిట్టలేదు. తిడితే సుభద్రకు కాస్త తేలికయ్యేది, మా వైపు నాలుగు తిట్టి తర్వాత అన్నం పెడతారు. ఆవిడ లేచి నిలబడి ఒక్క మాట అంది. "మీరు రాయిని శుభ్రం చేశారు. ధన్యవాదాలు" అని పలికింది ఫోను. గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది. కేకు ఎవరూ తినలేదు. మర్నాడు దాకా నాలోనే ఉండి గట్టిపడింది.

తర్వాత వచ్చిన రోజులు నా బతుకులో అన్నిటికన్నా భారమైనవి. సుభద్ర శ్మశానానికి వెళ్ళి చూస్తే రాయి మీద కొత్త స్టిక్కరు అంటించి ఉంది. కింద ఓట్టో పేరు వినిపించడం మానేసింది. మందులు కూడా ఆవిడ మౌనంగానే వేసుకునేదేమో. సుభద్ర నన్ను తోమి, ఏం పెట్టి పంపాలో తెలియక బోర్లించేది, మళ్ళీ తిప్పేది. నాకు ఖాళీగా ఉండటం అలవాటే. ఆ ఖాళీ వేరు.

ఆఖరికి హెల్గాయే పిలిచింది. కాఫీ బల్ల మీద ఫోను పెట్టి అడిగింది. "మీ దేశంలో చనిపోయినవారి రాయిని ఎన్ని సంవత్సరాలు ఉంచుతారు?"

"మాకు రాయుండదండీ" అంది సుభద్ర. "కాల్చేత్తాం. బూడిద గోదాట్లో కలిపేత్తాం."

"అయితే పేరు ఎక్కడ ఉంటుంది?"

సుభద్ర పైకి వెళ్ళి నన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది. నా పొట్ట మీది చుక్కల్ని వేలితో చూపించింది. "ఇదిగోండి. మా ఆయన. ఇలాంటియి వంద చేయించి ఊరంతా పంచేం. అందరిళ్ళలోనూ ఉంటాడు."

హెల్గా కాఫీ కప్పు కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ అది అలంకారం అనుకుంది. పోయిన మనిషి పేరున్న గిన్నెలో పులిహోర తిని, వేలు నాకి, పైగా ఖాళీగా తిరిగి ఇచ్చిందన్నమాట. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. కళ్ళజోడు పెట్టుకుని చుక్కల్ని తడిమింది. ఫోను కెమెరా పెట్టి చదివించబోయింది. ఆ వంకర అక్షరాలు దానికి అందలేదు, ఏమీ లేదంది. నాకు లోలోపల సంతోషమేసింది.

"ఆయన పేరు ఏమిటి?" అని అడిగింది హెల్గా.

సుభద్ర తల వంచుకుంది. "మేం చెప్పమండీ. ఆడోళ్ళం మొగుడి పేరు నోటితో అనం."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూనండి."

హెల్గా ఫోటో వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. "నేను రోజంతా పేరు పలుకుతాను, అది రాసి ఉన్న చోటు పోతోంది. మీరు వంద చోట్ల రాయించారు, ఒక్కసారి కూడా పలకలేదు" అంది ఆవిడ. ఫోను కూడా ఆ మాట మెల్లగా పలికినట్టు అనిపించింది. ఇద్దరూ చల్లారిన కాఫీ తాగారు.

మూడు నెలలూ అయిపోయాయి. వెళ్ళే ముందురోజు సుభద్ర తెచ్చుకున్న మినప్పప్పులో మిగిలిందంతా వేయించి, పొడి కొట్టి, సున్నుండలు చుట్టింది. నన్ను నింపింది. మూత మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత నన్ను హెల్గా చేతుల్లో పెట్టేసింది. నన్ను తిరిగి ఇవ్వడానికి హెల్గా మర్నాడు తోమేసరికి సుభద్ర విమానంలో ఉంది. పంపు దగ్గర కూలబడి ఏడ్చి దక్కించుకున్న గిన్నెను అలా వదిలేసి వెళ్ళింది. మనుషుల్ని నేను పూర్తిగా అర్థం చేసుకున్నానని ఎప్పుడనుకున్నా ఇలాంటిదేదో చేస్తారు.

ఆకులు రాలే రోజుల్లో రాయి తీసేశారు. హెల్గా వెళ్ళి చూసి వచ్చింది. తడిసిన కోటుతోనే నా ముందు కూర్చుని ఫోటోతో "గడ్డి పరిచారు, ఓట్టో" అంది. సుభద్రకు ఫోను చేసి అదే మాట చెప్పింది. అవతల సుభద్ర ఏమీ అనలేదు. ఊరుకుందేమిటా అని నాకు కోపం కూడా వచ్చింది.

కొద్దిరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. మాకు మధ్యాహ్నం, వాళ్ళకు దీపాలు పెట్టే వేళ. తెరమీద సుభద్ర, వెనకాల అరుగు, అరుగు నిండా లేసు అల్లే ఆడవాళ్ళు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో కొత్త స్టీలు గిన్నె. సుభద్ర ఒకదాన్ని తెరకు దగ్గరగా పెట్టింది. కొత్త మెరుపు, స్టిక్కరు ఒలిచేసిన శుభ్రం, పొట్ట మీద చుక్కల అక్షరాలు. అదే మనిషి కొట్టి ఉంటాడు, అదే వంకర. నేను చదివాను. 'కీ.శే. ఓట్టో గారి జ్ఞాపకార్థం.'

"ఇంటిపేరేంటమ్మా అని అడిగేడండి, నాకు నోరు తిరగలేదు. ఓట్టో గారని కొట్టెయ్యమన్నాను" అంది సుభద్ర. "భోజనాలు పెట్టేం. అందరూ తిన్నారండి. మీరు తిన్నారా?"

ఫోను తిరగేసి చెప్పింది. హెల్గా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగింది. "వారందరికీ ఓట్టో తెలుసా?"

"తెలీదండీ. మా ఆయన మాత్రం మీకు తెలుసునా ఏంటి? గిన్నె వాడుకోటల్లేదూ?"

అప్పుడు హెల్గా నన్ను ఎత్తి తెరముందు పెట్టుకుంది. నా మీది చుక్కల్ని చూపించి, మెల్లగా అడిగింది. "ఈయన పేరు నేను తెలుసుకోవాలి. నేను ఓట్టోతో పాటు ఈయనను కూడా పిలవాలి. దయచేసి చెప్పండి."

అవతల అరుగు మీది ఆడవాళ్ళు తెర దగ్గరికి జరిగారు. ఎవరో, "నే చెప్తానుండవే అక్కా" అన్నారు. సుభద్ర వద్దని చేత్తో ఆపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది. తల వంచుకుంది, మళ్ళీ ఎత్తింది.

"పెద్దిరాజండి" అంది.

హెల్గా అనబోయింది. ఆవిడ నోట అది ఇంకేదో అయింది.

"కాదండీ, పెద్దిరాజు."

మళ్ళీ తప్పింది.

"పెద్ది... రాజు. పెద్దిరాజు." సుభద్ర ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా, ఆపకుండా పేరు దిద్దుతోంది. కాపురం మొత్తంలో ఒక్కసారి అనని పేరును ఆ సాయంత్రం ఎన్నిసార్లు అందో అరుగు మీదివాళ్ళంతా విన్నారు. ఈ పేరు పొట్ట మీద పెట్టుకుని ఇన్నేళ్ళు తిరిగిన నేను, ఆవిడ నోట వినడం అదే మొదలు.

ఇప్పుడు నాలో మందుబిళ్ళలుంటాయి. నర్సాపురం వైపు ఎవరింట్లోనో ఓట్టోలో పెరుగు తోడుకుంటూ ఉంటుంది. ఇక్కడ పొద్దున కాఫీ దగ్గర హెల్గా ముందు ఫోటో వైపు తిరుగుతుంది, తర్వాత నా వైపు తిరుగుతుంది. "ఓట్టో, వాన వస్తోంది" అంటుంది. "పెద్దిరాజు, వాన" అంటుంది. ఇంకా సరిగ్గా పలకదు. అయినా ఆయన తరఫున నేను వింటున్నాను.